ఏ నీటికి ఆ ఎర

ఉత్తరాంధ్ర చెరువుల్లో గాలం వేసేవారందరికీ అనుభవంలో ఉన్న చిక్కు ఒకటి ఉంది. విశాఖ కార్తె దాటి నీరు తేరుకున్నాక బతికి ఉన్న పరిగె పిల్లను గుచ్చి వదిలిన గాలానికి కొర్రమీను పడుతుంది; అదే పరిగె, మఖ, పుబ్బ కార్తెల్లో కొండల నుంచి గెడ్డల నీరు దిగి చెరువు ఎర్రబడినప్పుడు పూటంతా నానినా దాన్ని ఏ చేపా ముట్టదు, పక్కన వానపాము వేసి కూర్చున్నవారికి మాత్రం జెల్ల వెనుక జెల్ల వస్తుంది. రోహిణి ఎండల్లో లెక్క మళ్లీ మారి, మిట్టమధ్యాహ్నం ఏ ఎరకూ కదలిక లేని చోటే తెల్లవారుజామున తేలే రబ్బరు కప్ప మీదికి కొర్రమీను నీటిని చీల్చుకుని లేస్తుంది. ఈ తేడాలను చేప ఆకలికో, వేసినవారి హస్తవాసికో అంటగట్టడం మామూలే గాని, వీటిలో ఎక్కువ భాగానికి కారణం నీటిలోనే ఉంది. నీటిలో వెలుగు ఎంత దూరం పోతుంది, వాసన ఎటు సాగుతుంది, వేడి ఎంత, ప్రాణవాయువు ఎంత అన్నవన్నీ కలిసి ఆ పూట చేపకు ఏ జ్ఞానేంద్రియం పనికొస్తుందో, ఎర వెంట అది ఎంత దూరం ఉరకగలదో నిర్ణయిస్తాయి. ఎరను ఎంచడమంటే ఆ నిర్ణయాన్ని ముందుగా పసిగట్టడమే.

పొంచి ఉండి మింగే చేపలు

కృత్రిమ ఎరల గురించి ప్రపంచంలో పోగుపడిన పరిజ్ఞానంలో పెద్ద భాగం ఉత్తర అమెరికాకు చెందిన లార్జ్‌మౌత్ బాస్ అనే మంచినీటి చేప చుట్టూ పెరిగింది. శ్రీకాకుళం, విజయనగరం నీళ్లలో ఆ చేప లేదు గాని, దాని బతుకుతీరే ఉన్న రెండు చేపలు ఇక్కడ ఉన్నాయి. ఒకటి పండుగప్ప; ఆసియా సీబాస్ అనీ, ఆస్ట్రేలియాలో బారముండి అనీ పిలిచే ఈ చేప కళింగపట్నం వద్ద వంశధార, కళ్లేపల్లి వద్ద నాగావళి, కోనాడ వద్ద చంపావతి సముద్రంలో కలిసే మొగల్లోనూ, వాటికి ఆనుకున్న ఉప్పుటేర్లలోనూ తిరుగుతుంది. రెండోది కొర్రమీను, తెలంగాణ రాష్ట్ర చేపగా పేరుపొందిన ఇది ఊరి చెరువులు మొదలుకొని సోంపేట బీల వంటి చిత్తడి నేలల వరకు, గోస్తని మీది తాటిపూడి, సువర్ణముఖి మీది మడ్డువలస వంటి జలాశయాల వరకు అన్ని రకాల మంచినీటిలోనూ నిలదొక్కుకుంది.

ఈ మూడు చేపలూ వేటను తరుముకుంటూ పోయే రకం కావు. కలుపు మొక్కల నీడలోనో, మునిగిన దుంగ పక్కనో, వంతెన స్తంభం వెనుకనో కదలకుండా నిలిచి, దగ్గరికి వచ్చిన ప్రాణిని కనురెప్పపాటులో మింగుతాయి. మింగడం అనడం కంటే పీల్చుకోవడం అనడం సరైనది: నోరూ, మొప్పల గదీ ఒక్కసారిగా విచ్చుకోవడంతో లోపల పీడనం పడిపోయి, ఆ ఖాళీని నింపడానికి దూసుకొచ్చే నీటితోపాటు ఎర కూడా లోపలికి పోతుంది. పండుగప్ప నీటి పైభాగంలో ఎరను అందుకున్నప్పుడు వినిపించే గుభేలుమనే చప్పుడు ఈ పీల్పుదే. దవడలతో కొరికి చూసే తీరిక లేని ఇలాంటి చేప నోరు తెరవాలా వద్దా అన్న సంగతిని ఎర నోట పడకముందే తేల్చుకోవాలి కాబట్టి, చెక్కతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన వస్తువు దాన్ని మోసగించగలుగుతోంది.

ఆ మోసం ఎక్కడ ఉందో బాగా కనిపెట్టినవాడు ఫిన్లండ్‌కు చెందిన లౌరి రాపాలా అనే జాలరి. వేటాడే చేపలు గుంపులో నుంచి తడబడుతూ ఈదే చేపనే ఎంచుకుంటున్నాయని గమనించి, 1936లో అతడు చెప్పులు కుట్టేవారి కత్తితో బెండును చెక్కి, చాక్లెట్ల మీది రేకును చుట్టి, కరిగించిన ఫోటో నెగెటివ్‌లతో పూత పూసి తడబడే చేపను తయారుచేశాడు. అది అందంగా ఉందో లేదో గాని, ఒంకరటింకరగా ఈదింది, కావలసిందీ అదే. ఇక్కడి చెరువుల సంగతి ఇంకా ముందే పుస్తకాలకెక్కింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నతాధికారిగా పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ భారతదేశంలో గాలపు వేట గురించి 1873లో ఒక గ్రంథాన్ని, కేవలం చెరువుల్లో గాలం వేయడం గురించి 1887లో మరొక గ్రంథాన్ని ప్రచురించాడు. ఈ ప్రాంతం అప్పటి గంజాం, విశాఖపట్టణం జిల్లాలుగా ఆ ప్రెసిడెన్సీలోనే ఉండేది.

నీరు వెలుగును వడకట్టే తీరు

తేరుకున్న నీరు కూడా అన్ని రంగులనూ సమానంగా పోనివ్వదు. సూర్యకాంతిలోని ఎరుపును నీరు ముందుగా మింగివేస్తుంది గనుక కొన్ని మీటర్ల లోతుకు పోయేసరికి ఎర్రని వస్తువు నల్లగానో బూడిద రంగుగానో కనిపిస్తుంది. నీలం అన్నిటికంటే లోతుకు పోతుంది. అయితే ఇది స్వచ్ఛమైన నీటి లెక్క. నాచు పెరిగి పచ్చబడిన ఊరి చెరువులో నాచులోని పత్రహరితం నీలాన్నీ ఎరుపునూ వాడుకొని ఆకుపచ్చను మిగులుస్తుంది. ఆకులు కుళ్లి డికాక్షన్ రంగుకు తిరిగిన నీటిలో నీలమే ముందుగా మాయమై పసుపు, నారింజ ఛాయలు మిగులుతాయి. కాబట్టి దుకాణంలో మెరిసిన ఎర రంగుకూ, ఆరడుగుల లోతున చేపకు కనిపించే రంగుకూ చాలాసార్లు పొత్తు ఉండదు. రంగురంగుల ఎరల్లో సగం చేపను కాక కొనేవారిని పట్టడానికే తయారవుతున్నాయంటే పెద్ద తప్పేమీ కాదు.

రంగు కంటే ముఖ్యమైనది వెనుకనున్న వెలుగుకూ ఎరకూ మధ్య తేడా. నీటి అడుగు నుంచి పైకి చూసే చేపకు బయటి లోకమంతా తల మీద సుమారు 97 డిగ్రీల కోణంలో తెరుచుకున్న ఒక గుండ్రటి కిటికీలో ఇరుక్కుని కనిపిస్తుంది. కాంతి నీటిలోకి దిగేటప్పుడు వంగడమే దీనికి కారణం. చేప ఒక మీటరు లోతున ఉంటే ఆ కిటికీ వెడల్పు రెండు మీటర్లకు పైచిలుకు. ఆ వలయానికి బయట నీటి పైపొర అద్దంలా అడుగునే తిరిగి చూపిస్తుంది. తేలే రబ్బరు కప్ప ఈ కిటికీలోకి రాగానే ఆకాశపు వెలుగుకు ఎదురుగా నల్లని నీడగా కనిపిస్తుంది గనుక దాని వీపు మీద వేసిన ఆకుపచ్చ చుక్కలు చేపకు కనిపించవు. కాళ్ల కదలిక, పొట్ట ఆకారం మాత్రమే కనిపిస్తాయి. గట్టు మీద నిలువుగా నిలబడిన మనిషి కూడా అదే కిటికీ అంచున చేప కంటపడతాడు, కూర్చున్నవాడు దాదాపు కనిపించడు.

తేటనీటిలో చేప ఎరను దూరం నుంచే చూస్తుంది గనుక పరిశీలించడానికి దానికి వ్యవధి దొరుకుతుంది. అందువల్ల మార్గశిరం నుంచి మాఘం దాకా నీరు తేటగా ఉండే రోజుల్లో సన్నని దారం, పరిగె అంత చిన్న ఎర, వెండి ఛాయ, సహజమైన కదలిక అవసరమవుతాయి. బతికిన పరిగె ఆ కాలంలో పనిచేసే మర్మం ఇదే: దాని పొలుసుల మీద ఎండ తళుక్కుమనడం చేపకు చాలా దూరానికి అందుతుంది.

సంజవేళల సంగతి వేరు. వెలుగు తగ్గేకొద్దీ చేప కంటిలో రంగులు చూసే కణాల పని తగ్గి మసక వెలుగులో చూసే కణాలు పని అందుకుంటాయి. ఈ మార్పిడికి కొంత సమయం పడుతుంది, ఆ మధ్యకాలంలో చిన్న చేపల చూపు మందగిస్తుంది. మసక వెలుతురుకు అనువైన కళ్లున్న పండుగప్పకు వేటలో అదే అదను. రాత్రి టార్చి వేస్తే ఎర్రగా మెరిసే దాని కళ్లే ఆ అనువుకు గుర్తు. ఆ వేళ నల్లని ఎరే మేలు, ఎందుకంటే మిగిలిన కొద్దిపాటి ఆకాశపు వెలుగుకు ఎదురుగా నలుపే స్పష్టంగా తెలుస్తుంది.

ఎర్రనీరు దిగినప్పుడు

జూలై నుంచి అక్టోబరు వరకు వంశధార, నాగావళి తూర్పు కనుమల ఎర్రమట్టిని మోసుకొస్తాయి. ఆ నీటిలో వెలుగు తగ్గుతుందనుకోవడం సగం నిజమే. అసలు సంగతి వెలుగు చెదిరిపోవడం. పుష్యమాసపు పొగమంచులో జాతీయ రహదారి మీద లారీ హెడ్‌లైట్లు ఎంత పెంచితే ఎదుట అంత తెల్లగా కమ్ముకొని దారి కనిపించనట్టే, కంటికి కనిపించనంత సన్నని బంకమట్టి రేణువులు వెలుగును అన్ని వైపులకూ వెదజల్లి వస్తువుకూ దాని వెనుకటి నీటికీ మధ్య తేడాను చెరిపివేస్తాయి. వెండి పరిగె మెరవాలంటే దాని మీద ఒక దిక్కు నుంచి సూటిగా వెలుగు పడాలి. చెదిరిన వెలుగులో మెరుపన్నదే పుట్టదు. జానెడు దూరంలో ఉన్న పరిగె కూడా చేపకు కనిపించకపోవడం, వ్యాసం మొదట చెప్పిన చిక్కులో మొదటి సగానికి జవాబు.

రెండో సగానికి జవాబు జెల్లల ఒంటి మీద ఉంది. జెల్ల, వాలుగ వంటి మీసాల చేపలకు రుచి చూసే మొగ్గలు నోటిలోనే కాక మీసాల మీదా, చర్మం మీదా కూడా ఉంటాయి. తెగిన వానపాము నుంచీ, పొట్టు తీసిన రొయ్య నుంచీ నీటిలో కరిగే అమైనో ఆమ్లాలు (మాంసకృత్తుల విడి ముక్కలు) ప్రవాహం వెంట సన్నని జాడగా సాగుతాయి, ఆ జాడను పట్టుకొని చూపుతో పనిలేకుండా జెల్ల ఎర దాకా వస్తుంది. అందుకే ఎర్రనీటిలో వాసన ఎరను పారే నీటిలో, చేప ఉంటుందనుకున్న చోటికి ఎగువన వేయాలి. కదలని నీటిలో వాసన అడుగు దాటడానికి చాలాసేపు పడుతుంది.

కొర్రమీను, పండుగప్ప చూపుకు అలవాటుపడిన చేపలు గనుక వాటికి వాసన ఒక్కటే చాలదు. వాటిని ఎర్రనీటిలో పిలవగలిగేది కదలిక: నీటిని కొట్టే వెడల్పాటి తోక ఉన్న మెత్తని రబ్బరు చేప, గిరగిర తిరిగే రేకు, లోపల గుళికలు గలగలలాడే ప్లాస్టిక్ చేప. పరిమాణం పెద్దదిగా, రంగు నలుపుగానో ముదురు పసుపుగానో ఉండి, లాగే వేగం తక్కువగా ఉండాలి. వేగంగా లాగిన ఎర చేపకు తెలిసేలోపే దాటిపోతుంది.

*కాస్త వివరంగా: ఒంటి పక్కన చెవి*

> చేప రెండు పక్కలా తల నుంచి తోక వరకు సాగే సన్నని గీతను పార్శ్వరేఖ అంటారు. ఆ గీత వెంట వరుసగా ఉన్న రంధ్రాల కింద సన్నని కాలువ, ఆ కాలువలో జిగురు టోపీలు పెట్టుకున్న రోమకణాలు ఉంటాయి. పక్కన ఏదైనా కదిలి నీటిని నెట్టితే జిగురు టోపీ వంగి రోమకణం మెదడుకు కబురు పంపుతుంది. దీని అందుబాటు తక్కువ, చేప పొడవుకు ఒకటి రెండింతలు మాత్రమే. దూరపు శబ్దాలను లోపలి చెవి అందుకుంటుంది. శబ్దం నీటిలో సెకనుకు సుమారు 1,500 మీటర్లు, అంటే గాలిలో కంటే నాలుగింతలకు పైగా వేగంతో పోతుంది. కాబట్టి గుళికల గలగల చేపను దూరం నుంచి తిప్పుతుంది, తోక కొట్టే అల దగ్గరికి దారి చూపుతుంది, ఆఖరి జానెడులో కన్ను పని ముగిస్తుంది.

వరద నీరు తేరుకునే క్రమం కూడా ఎర వేసే చోటును నిర్ణయిస్తుంది. ఇసుక నిమిషాల్లో అడుగుకు చేరుతుంది గాని బంకమట్టి రేణువులన్నీ ఒకే రకమైన విద్యుదావేశంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ రోజుల తరబడి తేలుతూనే ఉంటాయి. ఉప్పునీరు తగిలితే ఆ ఆవేశం అణగి, రేణువులు గుంపుకట్టి బరువెక్కి మునిగిపోతాయి; బిందెలో పటిక తిప్పినప్పుడు జరిగేది కూడా ఇలాంటిదే. అందువల్ల నది పైభాగం ఇంకా ఎర్రగా ఉండగానే మొగ దగ్గర, పోటు వచ్చిన గంటల్లో, నీరు పలచబడుతుంది. ఎర్రనీటికీ తేటనీటికీ మధ్య కనిపించే ఆ గీత దగ్గరే చిన్న చేపలు చిక్కుబడతాయి, పండుగప్ప మురికి వైపు నిలబడి తేట వైపుకు చూస్తుంది.

వేడి, చలి, ఊపిరి

చేప తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. నీటి వేడే దాని ఒంటి వేడి. నీరు పది డిగ్రీలు చల్లబడితే ఒంటిలో జరిగే రసాయనిక పనుల వేగం దాదాపు సగానికి పడిపోతుంది. అంటే పుష్యమాసపు తెల్లవారుజామున చేపకు కావలసిన తిండీ తక్కువే, తిన్నది అరగడానికి పట్టే సమయమూ ఎక్కువే. దూరం ఉరికి పట్టుకునే ఎర ఆ పూట దానికి గిట్టుబాటు కాదు. చలికాలంలో ఎరను అడుగుకు చేర్చి, మధ్యమధ్య ఆపుతూ, ఓపికగా జరపడమూ, ఎండెక్కి ఒడ్డు నీరు వెచ్చబడ్డాక వేయడమూ ఇందుకే. వెచ్చని నీటి చేప అయిన పండుగప్పలో ఈ మాంద్యం మరీ ఎక్కువ.

వేసవిలో ఇబ్బంది మరొక వైపు నుంచి వస్తుంది. వేడెక్కేకొద్దీ నీటిలో ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది: 20 డిగ్రీల వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు పట్టగా 30 డిగ్రీల వద్ద ఏడున్నరకు మించి పట్టదు. చేపకు అవసరం పెరిగిన కాలంలోనే సరుకు తగ్గుతుంది. పైగా నాచూ కలుపూ పగలు ప్రాణవాయువును వదిలి రాత్రి తామే పీల్చుకుంటాయి గనుక తెల్లవారేసరికి చెరువులో అది అతి తక్కువకు పడిపోతుంది. బొచ్చె, శీలావతి నీటి పైకి వచ్చి నోళ్లు తెరవడం రైతులందరూ చూసేదే. ఆ స్థితిలో వాటికి ఎర వేయడం వృథా.

కొర్రమీనుకు మాత్రం ఈ కష్టం లేదు. మొప్పల పైన ఉన్న గదుల్లో రక్తనాళాలు దట్టంగా అల్లుకొని ఉండడం వల్ల అది పైకి వచ్చి గాలినే నేరుగా గుటక వేస్తుంది. పైకి రానివ్వకుండా అడ్డుకుంటే నీటిలోనే ఊపిరాడక చస్తుంది కూడా. మిగతా చేపలు సొమ్మసిల్లిన వేసవి వేకువలో చురుగ్గా వేటాడగలిగే కొద్ది చేపల్లో అదొకటి, అదీ గాలి కోసం పైపొరకు చేరువలోనే ఉంటుంది. తామరాకుల మధ్య ఒక చిన్న సుడి తిరిగి ఒకటి రెండు బుడగలు తేలిన చోటును గుర్తుపెట్టుకొని, కాసేపు ఆగి, ఆ చోటికి కాస్త అవతల రబ్బరు కప్పను వేసి ఇవతలికి గెంతిస్తూ తేవడం అందుకే ఫలిస్తుంది. కలుపుకు తగులుకోకుండా ముల్లు కప్ప వీపులో దాగి ఉంటుంది. చేప నొక్కినప్పుడే అది బయటపడుతుంది. కొర్రమీను అందుకున్న వెంటనే దారం లాగితే కప్ప ఒట్టిదే తిరిగి వస్తుంది, రెండు క్షణాలు నిదానించాలి.

మృగశిర చినుకులతో ఇదంతా తారుమారవుతుంది. వాన నీరు చెరువును చల్లబరిచి ప్రాణవాయువును కలుపుతుంది, పుట్టల నుంచి లేచిన ఉసిళ్లు నీటిపై రాలుతాయి, పరిగెలు పైకి తేలతాయి, వాటి వెంట పెద్దవి వస్తాయి. ఆ రెండు మూడు సాయంత్రాలు ఉసిళ్లకు మించిన ఎర లేదు.

మొగలో పోటూ పాటూ

మొగల్లో కార్తె కంటే తిథి ముఖ్యం. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యచంద్రుల ఆకర్షణలు ఒకే వరుసలో కలిసి పోటు ఎక్కువ ఎక్కుతుంది, పాటు ఎక్కువ దిగుతుంది; అష్టమి ప్రాంతంలో రెండూ మందగిస్తాయి. పోటు నీటితో రొయ్యలూ కొయ్యింగ పిల్లలూ ఏటి పిల్లకాలువల్లోకీ గడ్డిపరకల్లోకీ ఎక్కుతాయి, పాటు మొదలయ్యాక నీరు లాగేయడంతో ఇరుకు దారిలో గుంపులుగా బయటికి రాక తప్పదు. పండుగప్ప ఆ దారి నోటి దగ్గర, నీటి వడి తగలని మరుగున, వడికి ఎదురుగా తల పెట్టి నిలిచి ఉంటుంది. కొట్టుకొచ్చే రొయ్య ఎటు నుంచి వస్తుందో ఎర కూడా అటు నుంచే రావాలి. ఎగువకు విసిరి నీటి వడితో కిందికి వదిలిన ఎరకూ, వడికి ఎదురీదే ఎరకూ ఫలితంలో చాలా తేడా ఉంటుంది. బలహీనమైన రొయ్య వడికి ఎదురీదడం పండుగప్ప ఎన్నడూ చూడలేదు.

తుఫానుకు ముందు చేపలు పిచ్చిగా తింటాయని, గాలి పీడనం పడిపోవడమే దానికి కారణమని తరచూ వినబడుతుంది. ఈ వివరణ లెక్కకు నిలవదు. గాలి పీడనం 20 మిల్లీబార్లు పడిపోవడమంటే పెద్ద మార్పే గాని అది 20 సెంటీమీటర్ల నీటి బరువుకు సమానం. చేప జానెడు కిందికి దిగితే ఆ తేడా పూడిపోతుంది. తుఫానుకు ముందు మబ్బు కమ్మి వెలుగు తగ్గడం, అలలు ఒడ్డును కోసి మట్టినీ పురుగులనూ నీటిలో కలపడం చేపను కదిలించే సంగతులుగా మరింత నమ్మదగినవి.

ఎర వేయకూడని కాలం

వానాకాలంలో కొర్రమీను జంట కలుపు మధ్య కొంత చోటు శుభ్రం చేసి తేలే గుడ్లు పెడుతుంది. పిల్లలు వచ్చాక నారింజ రంగు గుంపుగా నీటి పైపొరలో కదులుతుంటే, వాటి కింద ముఖ్యంగా మగచేప వారాల తరబడి కాపలా కాస్తుంది. ఆ గుంపు మీదికి ఏ కప్ప గెంతినా అది విరుచుకుపడుతుంది. ఆకలితో కాదు, తరిమివేయడానికి. ఇది గాలానికి అన్నిటికంటే తేలికగా చిక్కే అదను, చెరువుకు అన్నిటికంటే నష్టం చేసే అదను కూడా, ఎందుకంటే కాపలా పోయిన మరుక్షణం ఆ పిల్లలను పరిగెలూ మట్టగిడసలూ ఖాళీ చేస్తాయి. పండుగప్ప విషయంలో మరొక లెక్క ఉంది: అది మగచేపగా పెరిగి, కొన్నేళ్లకు ఆడచేపగా మారుతుంది గనుక మొగలో దొరికే బాగా పెద్ద పండుగప్పలు దాదాపు అన్నీ గుడ్లు పెట్టేవే.

చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకార సహకార సంఘాలదో, వేలంలో పాడుకున్నవారిదో అయి ఉంటుంది కాబట్టి సరదాకు గాలం వేసేవారు వారి అనుమతి తీసుకోవాలి. నారింజ రంగు పిల్లల గుంపు కనిపించిన చోట గాలం చుట్టేసి మరో గట్టుకు నడవాలి. వానాకాలంలో మొగలో పడిన పెద్ద పండుగప్పను ముల్లు తీసి నీటిలోకి తిరిగి వదలాలి.